నాలిక సారుకి వినబడని మాట

అతను ఆ అమ్మాయితో అన్న మొట్టమొదటి మాట, "నోరు తెరవండి."

ప్రేమకథ ఇలా మొదలుపెట్టకూడదని ఎవరికైనా తెలుసు. అతనికి తెలీదు. పాపం, అతనికి తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి, వరసగా వస్తాయి, తొందరేముంది.

"నేను పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చానా ఏంటి? కింద బోర్డు మీద స్పోకెన్ ఇంగ్లీష్ అని రాసుందే!" అంది ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయి.

"సరైన చోటికే వచ్చారు. ఇంగ్లీషు నోట్లోంచే వస్తుంది. నోరు చూడకుండా ఎలా నేర్పమంటారు? ఏదీ, 'ఎ' అనండి. నాలిక ఎక్కడుంది?"

"నోట్లోనే ఉందండీ. మా నాన్న కోసేస్తానని చాలాసార్లు అన్నాడు గానీ ఇంకా కొయ్యలేదు."

వెనక బెంచీలో కూర్చున్న బ్యూటీ పార్లర్ ఆవిడ కిసుక్కున నవ్వింది. అతను నవ్వలేదు. జోకు వింటే కదా నవ్వడానికి! 'నాన్న' అన్నప్పుడు ఆ అమ్మాయి నకారాన్ని ఎంత స్పష్టంగా నొక్కిందో, దాని మీద ఉంది అతని ధ్యాసంతా.

ఆ ఇన్‌స్టిట్యూట్ ఒక టైర్ల షాపు మీద రెండు గదులు. కింద గాలి కొట్టే మెషీన్ మొదలైతే పైన బెంచీలు వణుకుతాయి. గోడ మీద నిలువునా కోసిన మనిషి తల బొమ్మ, అందులో ఎర్రగా ఇంత నాలుక. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి గొంతునొప్పికి మందిస్తారేమో అనుకుంటారు. ఇంగ్లీషంటే గుడ్ మార్నింగులు, థాంక్యూలు అనుకుని ఫీజు కట్టినవాళ్ళకి మొదటి క్లాసులోనే నాలిక చివర, నాలిక మధ్య, నాలిక వెనక అంటూ పాఠం మొదలవుతుంది. అందుకే వాళ్ళందరూ కలిసి అతనికి నాలిక సారని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతీ అతనికి తెలీదు.

ఆ అమ్మాయిది కళ్ళద్దాల షాపు. షాపు నాన్నది, చూపు పరీక్ష చేసేది తను. లెన్సుల కంపెనీవాళ్ళు పెట్టే ట్రైనింగంతా ఇంగ్లీషులో ఉంటుంది.

"వాళ్ళు చెప్పేది నాకర్థమవుతుంది సార్. లెన్సు గురించి నేను మాట్లాడితేనే వాళ్ళు తెల్లమొహం వేస్తున్నారు," అంది.

"ఎందుకు వెయ్యరు? ఇప్పుడు మీరు 'లెన్సు' అన్నారు. చివర ఆ ఉకారం ఎక్కడిది? ఇంగ్లీషువాళ్ళు ఇచ్చారా?"

ఉకారం మీద అతనికి పాతపగ ఉంది. మనవాళ్ళకి ఏ ఇంగ్లీషు మాట దొరికినా దాని వెనక ఒక ఉకారం తగిలించి, పెన్ను, బస్సు, కారు అని చేసి గానీ వదలరు. లోకంలో ఇన్ని బాధలుండగా అతను దీని గురించి బాధపడేవాడు. ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. గొంతు మీద చెయ్యి పెట్టుకోమనేవాడు. పాము బుసకొట్టినట్టు 'స్స్స్' అంటే గొంతులో ఏమీ ఉండదు, తేనెటీగలా 'జ్జ్జ్' అంటే చేతికి వణుకు తెలుస్తుంది. ఒకటి శ్వాసం, ఒకటి నాదం, తేడా అంతే. పెదవుల ముందు కాగితం ముక్క పట్టుకుని 'పెన్' అనమనేవాడు. కాగితం ఎగిరితే ఇంగ్లీషు, ఎగరకపోతే మన పకారమే. అరవయ్యేళ్ళ రిటైర్డ్ క్లర్కు గారి కాగితం ఏనాటికీ ఎగిరేది కాదు. ఆయన సిగ్గుపడి మానేస్తానంటే, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, తనే అద్దం పట్టుకుని, విసుక్కోకుండా ఆ ఒక్క శబ్దాన్నీ పలికించాడు. కాగితం ఎగిరిన రోజు ముసలాయన పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ అమ్మాయి మనసు కూడా ఆ రోజే ఎగిరిందని బ్యూటీ పార్లర్ ఆవిడ తర్వాత అందరికీ చెప్పింది. ఆవిడ కళ్ళు మహా చురుకు.

మరో రోజు బలహీనమైన అచ్చు గురించి చెప్పాడు.

"ఇంగ్లీషులో ఒక అచ్చుంది. దానికోసం నోరు పెద్దగా తెరవక్కర్లేదు, పెదవులు చుట్టక్కర్లేదు, నాలిక ఎత్తక్కర్లేదు. మాటలో నొక్కంతా పక్క అచ్చు మీద పడితే, ఇది ఏ పనీ లేకుండా ఓ మూల పడుంటుంది. 'అబౌట్'లో మొదటి అచ్చు చూడండి."

"మా చిన్న మావయ్యలాగా," అంది ఆ అమ్మాయి.

క్లాసంతా గొల్లుమంది. అతను మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "సరిగ్గా చెప్పారు," అన్నాడు చాలా సీరియస్‌గా. అప్పట్నుంచి ఆ క్లాసులో దాని పేరు మావయ్య అచ్చు.

సాయంత్రం మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా అతను తల ఎత్తడు. ఆ అమ్మాయి కింద టైర్ల షాపువాడితో 'బండి అడ్డం తియ్యండి' అని అరిస్తే మాత్రం చాక్‌పీసు ఆగిపోతుంది. ఆ గొంతు పై స్థాయికి పోయినా చిరగదు, కింది స్థాయికి దిగినా మసకబారదు. తనకున్నది కేవలం శాస్త్రీయమైన ఆసక్తి అని అతను తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు. వానపడి ఆ అమ్మాయి రాని రోజున ఆ శాస్త్రీయమైన ఆసక్తి కిటికీ దగ్గర నిలబడి రెండు టీలు తాగింది.

ఇక అతని ఘనమైన పద్ధతి గురించి చెప్పుకోవాలి. ప్రతి శుక్రవారం ఒకరు లేచి ఇంగ్లీషులో మాట్లాడాలి. అప్పుడు సారు కుర్చీని గోడవైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు.

"మీరేం చెప్తున్నారో నేను వినను. ఎలా పలుకుతున్నారో అదే వింటాను. అర్థం వెంట పడ్డామంటే చెవి మోసపోతుంది. తప్పు పలికినా బుర్ర సర్దేసుకుంటుంది. కాబట్టి ఏం చెప్పినా పర్లేదు. మీ ఇష్టం."

ఏం చెప్పినా పర్లేదట! రిటైర్డ్ క్లర్కు గారు ఒక శుక్రవారం పాత ఆఫీసర్ని నానా తిట్లూ తిట్టారు. సారు కళ్ళు తెరిచి, "వెరీ గుడ్. 'రాస్కల్'లో నొక్కు మొదటి అక్షరం మీద చక్కగా పడింది," అన్నాడు.

ఆ శుక్రవారం కళ్ళద్దాల అమ్మాయి వంతు వచ్చింది. లేచి నిలబడింది. గోడవైపు తిరిగిన ఆ వీపును చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.

"మై ఫాదర్ హాజ్ ఫౌండ్ ఎ మ్యాచ్ ఫర్ మీ. దే ఆర్ కమింగ్ ఆన్ సండే ఈవెనింగ్. హీ ఈజ్ ఎ గుడ్ మ్యాన్. బట్ ఐ డోంట్ వాంట్ హిమ్. ఐ వాంట్ టు మ్యారీ మై టీచర్. ఇఫ్ మై టీచర్ ఆల్సో వాంట్స్, హీ మస్ట్ టెల్ మీ బిఫోర్ సండే. దట్స్ ఆల్. థాంక్యూ."

రిటైర్డ్ క్లర్కు గారి చేతిలో పెన్ను కిందపడింది. బ్యూటీ పార్లర్ ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

సారు నెమ్మదిగా కుర్చీ తిప్పి కళ్ళు తెరిచాడు.

"బాగా ఇంప్రూవయ్యారు. 'సండే' చివర సాగదియ్యలేదు. 'టీచర్'లో మొదటి అచ్చు దీర్ఘం, రెండోది మన మావయ్య, రెండూ బాగా కుదిరాయి. కానీ 'వాంట్' దగ్గరే కొంప మునుగుతోంది. మీరు కింది పెదవిని పళ్ళకి తాకిస్తున్నారు. అక్కడ పళ్ళకి పనిలేదు. పెదవులు గుండ్రంగా చుట్టండి. ఇలా."

చుట్టి చూపించాడు కూడా.

"సార్..." అంది బ్యూటీ పార్లర్ ఆవిడ, ఆగలేక.

"మీరాగండమ్మా, మీ వంతు వచ్చేవారం. చూడండీ, ఆ వాక్యం ఉంది చూశారూ, 'ఐ వాంట్ టు మ్యారీ మై టీచర్', ప్రాక్టీసుకి అది చాలా మంచి వాక్యం. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి పదిసార్లు అనండి. మీ నాన్నగారి ముందు కూడా అనండి, బెరుకు పోతుంది."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. బ్యాగు భుజాన వేసుకుంది.

"అలాగే సార్. చాలా బాగా విన్నారు," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచారు. గుమ్మం దగ్గర రిటైర్డ్ క్లర్కు గారు వెనక్కి తిరిగి అతన్ని ఒక చూపు చూశారు. పాత ఆఫీసర్ని తిట్టినప్పుడు కూడా ఆయన మొహం అంత భయంకరంగా లేదు. "ఇవాళ అందరికీ ఏదో తొందర పనున్నట్టుంది," అనుకున్నాడు మన మేధావి.

శనివారం సాయంత్రం ఇంట్లో అక్క కూరగాయలు తరుగుతోంది. అక్క నర్సు. వార్డులో రోజంతా డాక్టర్లని, రోగుల్ని, వాళ్ళ చుట్టాల్ని భరించి వస్తుంది కాబట్టి తమ్ముణ్ణి భరించడం ఆవిడకొక లెక్క కాదు.

"ఏంట్రా అలా ఉన్నావు? క్లాసు లేదా ఇవాళ?"

"అయిపోయింది. కానీ ఒకమ్మాయి రాలేదు. నిన్న చాలా బాగా మాట్లాడింది, ఒకే ఒక్క శబ్దం తప్పు పలికింది. ఇంతలోకే మానేసింది. అసలు ఆ కంఠం..."

"ఆ కంఠం?" అక్క కత్తి ఆపింది.

"పలుకు గురించి చెప్తున్నా అక్కా."

"సరేలే. ఏం తప్పు పలికిందట?"

అతని చెవి మహా గొప్పది. ఒకసారి విన్నది టేపులో పెట్టినట్టు తిప్పి అనగలడు. ఆ అమ్మాయి ఊపిరి తీసుకున్న చోట ఊపిరి తీసుకుని, గొంతు వణికిన చోట వణికించి, మొదటినుంచి చివరిదాకా పొల్లు పోకుండా అప్పచెప్పాడు.

"చూశావా? 'వాంట్' రెండుసార్లు, 'వాంట్స్' ఒకసారి. మూడింట్లోనూ పెదవి పళ్ళకి..."

"ఒరేయ్, ఆగు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"ఆ పిల్లకి నువ్వు కాకుండా ఇంకెవరైనా టీచరున్నారా?"

"లేరు. అయినా ఇప్పుడు ఆ విషయం..."

మధ్యలో ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఇంగ్లీషులో అంత పెద్ద అచ్చు లేదు.

"వచ్చిందా బుర్రలోకి? శుభం," అంది అక్క. "ఇంతకీ నువ్వేమన్నావు?"

"పెదవులు గుండ్రంగా చుట్టమన్నాను."

అక్క కత్తి పక్కన పెట్టి తల పట్టుకుంది.

"అద్దం ముందు పదిసార్లు అనమన్నాను. వాళ్ళ నాన్న ముందు కూడా..."

"ఇంక చెప్పకు. నా బీపీ పెరుగుతోంది. నీకు చదువు చెప్పిన వాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఇంజెక్షన్లు పొడవాలి. ఒక ఆడపిల్ల పదిమందిలో నిలబడి, భయం మింగి ఆ మాట అంటే, నువ్వు మార్కులేశావా?"

"మార్కులు వెయ్యలేదక్కా. నోటితోనే చెప్పాను."

"అబ్బో, ఎంత దయ! ఆ పిల్లంటే నీకిష్టమేనా? లేకపోతే ఆ గొడవా నేనే తేల్చాలా?"

అతను జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. అక్క అది చూసి మెత్తబడింది.

"రేపు సాయంత్రం వాళ్ళొస్తున్నారని ఆ పిల్లే చెప్పింది కదరా. పొద్దున్నే షాపుకెళ్ళు. అక్కడ నీ నాలిక, పెదవి, గొంతు, అన్నీ మూసుకుని కూర్చుని ముందు ఆ పిల్ల చెప్పేది విను."

ఆదివారం పొద్దున దారి పొడుగునా అతను ఒక మంచి ఇంగ్లీషు వాక్యం తయారుచేసుకున్నాడు. నొక్కులు సరిచూసుకున్నాడు. చివర స్వరం కిందికి దించాలా పైకి లేపాలా అని రెండు వీధులు తర్జనభర్జన పడ్డాడు. పైకి లేపితే ప్రశ్న, దించితే నిర్ణయం. ప్రశ్నే మర్యాద అని తేల్చుకుని షాపులో అడుగుపెట్టాడు.

షాపు ఇరుకే గానీ తళతళలాడుతోంది. నాలుగు గోడలా అద్దాలు, వాటి ముందు వరసగా ఫ్రేములు. కౌంటరు వెనక వాళ్ళ నాన్న మెత్తటి గుడ్డతో ఒక ఫ్రేము తుడుస్తున్నాడు.

"ఏం కావాలి బాబూ?"

"చూపు... చూపు పరీక్ష చేయించుకోవాలండీ."

"అమ్మాయ్, టెస్టు!" అని లోపలికి కేకేశాడాయన.

కర్టెను వెనక చీకటిగది. గోడ మీద వెలుగుతున్న అక్షరాల పలక. అతన్ని చూసి ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. వెంటనే మొహంలో ఏ భావమూ లేకుండా చేసుకుని కుర్చీ చూపించింది.

"కూర్చోండి. గడ్డం పైకెత్తండి."

బరువైన ఇనప ఫ్రేము తెచ్చి అతని ముక్కు మీద పెట్టింది. ఒక కంటికి నల్లటి మూత, ఇంకో కంటికి మందపాటి లెన్సు. ఎంతటి అందగాడైనా దాన్ని పెట్టుకుంటే గుడ్లగూబే. అతను మరీ అంత అందగాడు కూడా కాదు.

"శుక్రవారం మీరు..."

"పై వరస చదవండి."

చదివాడు. ప్రతి అక్షరం శుద్ధంగా పలికాడు. ఆ అమ్మాయి లెన్సు మార్చింది.

"ఇది బాగుందా, ముందుదే బాగుందా?"

దారి పొడుగునా తయారుచేసిన వాక్యం కోసం వెతికాడు. నొక్కులు గుర్తున్నాయి, స్వరం గుర్తుంది. మాటలే గుర్తులేవు. చెమటలు పట్టి ఇనప ఫ్రేము ముక్కు మీంచి జారుతోంది.

"మీరు చెప్పింది నాకు నిన్న సాయంత్రం అర్థమైంది," అన్నాడు చివరికి, పచ్చి తెలుగులో.

"ఇంగ్లీషు టీచరుకి ఇంగ్లీషు అర్థం కావడానికి ఒక రోజు పట్టిందా?"

"మా అక్క చెప్తే అర్థమైంది."

"ఓహో! అయితే మీ అక్కగారినే పంపించకపోయారా? మీరెందుకొచ్చారు శ్రమపడి?"

"మీరంటే నాకిష్టం కాబట్టి వచ్చాను. మీరు రాని రోజు నాకు పాఠం చెప్పబుద్ధి కాదు. అది మీ గొంతు మీద ఆసక్తి అనుకున్నాను. కాదు. మీరంటేనే ఇష్టం. నన్ను క్షమించండి."

ఆ అమ్మాయి తన చేతిలో లెన్సును కొంగుతో తుడిచింది. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

"తెలుగులో చెప్పాలంటే సిగ్గేసింది. ఇంగ్లీషులో అయితే పాఠంలా అనేసి బతికిపోవచ్చనుకున్నా. మీరు నిజంగానే పాఠం చేసేశారు. ఆ రాత్రి ఎంత ఏడ్చానో తెలుసా?" గొంతు తగ్గించింది. "ఇప్పుడు నేను తెలుగులోనే చెప్తాను. ఆ తర్వాత నేనేమన్నానో మీరు చెప్పాలి. ఎలా అన్నానో కాదు."

అతను తల ఊపాడు. ఫ్రేము కూడా ఊగింది.

"సాయంత్రం వచ్చే ఆయన మంచివాడే. నెమ్మదస్తుడు. ఫోన్లో మాట్లాడినప్పుడు నేను చెప్పేది మొత్తం విన్నాడు. నాన్న ఆరోగ్యం గురించి అడిగాడు, పెళ్ళయ్యాక షాపు నడుపుకోవచ్చన్నాడు. వంక పెట్టడానికేం లేదు. మీ దగ్గరేమో అన్నీ వంకలే. అయినా మీరే కావాలనిపిస్తోంది. నాకే తెలీదు ఎందుకో."

చెప్పి చేతులు కట్టుకుంది. "చెప్పండి. ఏమన్నాను?"

అతని చెవి ఎప్పటిలాగే 'విన్నాడు' దగ్గర గొంతు జీరపోవడం పట్టుకుంది. ఈసారి మాత్రం అతను అక్కడితో ఆగలేదు.

"మీకు భయంగా ఉందన్నారు," అన్నాడు మెల్లగా. "ఆయన్ని చేసుకుంటే దిగుల్లేదు. నన్ను చేసుకుంటే, రేపెప్పుడైనా మీరు ఏడుస్తూ ఏదైనా చెప్తున్నప్పుడు నేను గోడవైపు తిరిగి కూర్చుంటానేమోనని."

ఆ అమ్మాయి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

"ఆ మాట నేననలేదు కదా."

"అనలేదు. కానీ చెప్పారు."

ఆ అమ్మాయి ముందుకు వంగి అతని కంటి మీది నల్లటి మూత తీసేసింది. దగ్గరగా, రెండు కళ్ళతో చూసుకోవడం అదే మొదటిసారి. ఇనప ఫ్రేము అడ్డమున్న మాట నిజమే, కానీ ఆ సమయంలో ఇద్దరికీ అది కనబడలేదు.

"ఏమ్మా, ఎంతసేపు?" బయట్నుంచి నాన్న గొంతు. "ఆయన చూపు అంత పాడైపోయిందా?"

"చూపు బానే ఉంది నాన్నా," అంది ఆ అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "చెవులే కొంచెం లేటు."

"తెలుస్తూనే ఉంది. మధ్యలో ఉన్నది కర్టెనమ్మా, గోడ కాదు."

కర్టెను పక్కకి తప్పుకుంది. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఇనప ఫ్రేములో అతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నిన్నంతా ఇది అద్దం ముందు నిలబడి ఏదో ఇంగ్లీషు వాక్యం అనుకుంటూ ఏడుస్తుంటే, ట్రైనింగు గోల అనుకున్నాను. నువ్వా నాయనా ఆ టీచరువి?"

"నేనేనండీ."

"బాగుంది నీ పాఠం." ఆయన కూతురివైపు తిరిగాడు. కోపంగానే ఉన్నాడు, కానీ గొంతు మెత్తగా ఉంది. "ముందే నాతో అనుంటే వాళ్ళని రమ్మనేవాణ్ణా తల్లీ? ఇదేనా నీ నిర్ణయం?"

"ఇదే నాన్నా."

"సరే. అయితే ఇప్పుడు ఫోన్ చేసి వాళ్ళని రావద్దని చెప్పాలి. అవతల మాట్లాడేది పెళ్ళికొడుకు మేనత్త. ఆవిడ ఊరుకునే రకం కాదు." అతనికేసి వేలు చూపించాడు. "నువ్వు ఆ ఫ్రేము తీసేసి ఇటు రా బాబూ. నా పక్కన కూర్చో. తిట్లు నేనొక్కణ్ణే ఎందుకు తినాలి?"

కౌంటరు వెనక రెండు స్టూళ్ళు వేశారు. ఫోను స్పీకర్లో పెట్టారు. విషయం చెప్పీ చెప్పగానే ఆవిడ అందుకుంది. మాటంటే లెక్కలేదా అంది, కూతుర్ని పెంచడం ఇలాగేనా అంది, ఆ వచ్చినవాడెవడో వాడు బాగుపడడంది. ఆవిడ సాగదీతలు ఎలా ఉన్నాయో, నొక్కులు ఎక్కడ పడుతున్నాయో మన సారు గమనించనే లేదు. తన మూలంగా ఒక పెద్దాయన తల వంచుకుని "క్షమించండమ్మా" అని మళ్ళీ మళ్ళీ అంటుంటే, అతను ముందుకు వంగి ఫోను దగ్గరగా నోరు పెట్టాడు.

"తప్పు ఆయనది కాదండీ, నాది. ఆ అమ్మాయి నాకు ముందే చెప్పింది. నేనే వినలేదు. ఏమన్నా నన్ననండి."

ఆవిడకి అంతకంటే కావాల్సిందేముంది? మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. వాళ్ళ నాన్న తలెత్తి అతనివైపు ఒకసారి చూసి, ఫోను అతని ముందుకి జరిపి, టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు.

అతను కదలకుండా, ప్రతి తిట్టునీ అర్థంతో సహా వింటూ కూర్చున్నాడు. వెనకనుంచి ఆ అమ్మాయి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఫోన్లో ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది.